నేషనల్ లైబ్రరీ బోర్డు, అందులో మెంబర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవం జరిగేటప్పుడు నేను ఒక చిన్న పబ్లిషర్ ఫ్రెండ్ స్టాల్‌లో సాయంత్రాలు కూర్చుంటా. లైబ్రరీ సైన్స్ చదివే పిల్లలు, మొదటి పుస్తకం వేసుకున్నవాళ్లు, రిటైరైన మాస్టార్లు వస్తారు, మాటల్లో లైబ్రరీల సంగతి వచ్చేసరికి అందరూ దాదాపు అవే డౌట్లు అడుగుతారు. ప్రతిసారీ బిల్లు రాస్తూ సగం చెప్పి సగం వదిలేయాల్సి వస్తోంది, అందుకే కూర్చుని రాశా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, దేనికది విడిగా అర్థమవుద్ది.

## ముందుగా వచ్చే డౌట్లు

నేషనల్ లైబ్రరీ ఢిల్లీలో కదా ఉండేది?

కాదండి, కోల్‌కతాలో. అలీపూర్‌లో బెల్వెడేర్ అనే పాత ఎస్టేట్‌లో ఉంది. 1836లో మొదలైన కలకత్తా పబ్లిక్ లైబ్రరీ దీనికి మూలం. తర్వాత ఇంపీరియల్ లైబ్రరీ అయ్యింది, దాన్ని 1903 జనవరి 30న అప్పటి వైస్రాయ్ కర్జన్ జనానికి తెరిచాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చట్టం చేసి పేరు నేషనల్ లైబ్రరీగా మార్చారు, 1953 ఫిబ్రవరి 1న మౌలానా ఆజాద్ గారు బెల్వెడేర్‌లో ప్రారంభించారు. అక్కడ తెలుగుకి విడిగా ఒక విభాగం ఉంది. ఢిల్లీలో ఉన్నది ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ, 1951లో యునెస్కో సాయంతో పెట్టింది, అది వేరే సంస్థ.

బోర్డు అంటే పుస్తకాలు సెలెక్ట్ చేసే కమిటీయేనా?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. పుస్తకాల ఎంపిక కమిటీ ఏ పుస్తకం కొనాలో చూసుద్ది, అంతే. పాలక బోర్డు పని దానికంటే పైన ఉంటుంది. ఏడాది బడ్జెట్ ఆమోదించడం, ఆడిట్ రిపోర్టు చూసి జవాబు అడగడం, ఖాళీ పోస్టుల గురించి తేల్చడం, బిల్డింగు, డిజిటైజేషన్, పాఠకుల రూల్స్ లాంటివాటి మీద విధానం పెట్టడం. రోజువారీ నడిపేది లైబ్రేరియనో డైరెక్టరో. బోర్డు ఆయన్ని అడగాలి, ఆయనకి అండగా కూడా ఉండాలి. ఇంటి పెద్ద వంటింట్లోకి వచ్చి ఉప్పెంత వెయ్యాలో చెప్పక్కర్లేదు కానీ బియ్యం నిండుకున్నాయో లేదో తెలిసుండాలి కదా, అలాగన్నమాట.

మన నేషనల్ లైబ్రరీకి బోర్డు ఉందా లేదా? ఒక గైడులో ఉందని, ఇంకో గైడులో లేదని ఉంది

రెండు గైడుల్లోనూ సగం నిజం ఉంది. 1968లో కేంద్రం వి.ఎస్. ఝా అధ్యక్షతన ఒక సమీక్ష కమిటీ వేసింది, లైబ్రరీ పరిస్థితి మొత్తం చూసి వాళ్లు 1969లో రిపోర్టు ఇచ్చారు. ఆ తర్వాత పార్లమెంటు నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చట్టం, 1976 చేసింది. లైబ్రరీ పరిపాలనని ఒక బోర్డు చేతిలో పెట్టడానికే ఆ చట్టం. కానీ చట్టం చేయడం ఒకటి, దాన్ని అమల్లోకి తెస్తూ నోటిఫికేషన్ ఇవ్వడం ఇంకొకటి. ఆ రెండో పని జరగలేదు. కాబట్టి లైబ్రరీ ఇప్పటికీ కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఒక సబార్డినేట్ ఆఫీసులాగే నడుస్తోంది, పైన డైరెక్టర్ జనరల్ ఉంటారు, ఆయన మంత్రిత్వ శాఖకి జవాబు చెప్తారు.

ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం. బోర్డు ఉంటే దానికి ఎజెండా ఉంటుంది, మెంబర్ల పేర్లు ఉంటాయి, ఫలానా తేదీన ఫలానావాళ్లు కూర్చుని ఈ నిర్ణయం తీసుకున్నారని కాగితం ఉంటుంది. శాఖ ఆఫీసుగా ఉన్నప్పుడు ఆ నిర్ణయం ఒక ఫైలు నోటింగ్‌లో ఉండిపోద్ది, ఎవర్ని అడగాలో పాఠకుడికి తెలియదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో, కేంద్ర జాబితా 62వ అంశంలో నేషనల్ లైబ్రరీ పేరు పెట్టి మరీ రాశారు, అంత గౌరవం ఉన్న సంస్థకి ఇన్ని దశాబ్దాలు పాలక బోర్డు లేకుండా ఉండటం నాకైతే బాధగానే ఉంటుంది.

పరీక్ష రాసేవాళ్లు ఇంత గుర్తుపెట్టుకోండి: 1976లో చట్టం ఉంది, అమల్లోకి రాలేదు.

మరి చట్టం ప్రకారం బోర్డు ఉన్న లైబ్రరీలు మన దేశంలో లేనే లేవా?

ఉన్నాయి. పాట్నాలో ఖుదాబక్ష్ ఓరియంటల్ పబ్లిక్ లైబ్రరీకి 1969లో పార్లమెంటు చట్టం చేసింది, దాని బోర్డుకి బీహార్ గవర్నర్ చైర్మన్. రాంపూర్ రజా లైబ్రరీకి 1975లో చట్టం వచ్చింది, అక్కడ ఉత్తరప్రదేశ్ గవర్నర్ చైర్మన్. ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని ఢిల్లీ లైబ్రరీ బోర్డు నడుపుద్ది. మనవాళ్లకి బాగా తెలిసిన ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం, 1961 చట్టం, దానికీ గవర్నర్ చైర్మన్‌గా బోర్డు ఉంది. అంటే పద్ధతి మన దేశానికి కొత్తేం కాదు.

వేరే దేశాల్లో ఎలా ఉంటుంది?

రకరకాలుగా. బ్రిటిష్ లైబ్రరీకి 1972 చట్టం ప్రకారం బోర్డు ఉంది, చైర్మన్ కాకుండా 8 నుంచి 13 మంది దాకా మెంబర్లు, వాళ్లలో ఒకర్ని రాజుగారో రాణిగారో నియమిస్తారు, మిగతావాళ్లని మంత్రి. ఆస్ట్రేలియాలో దాన్ని కౌన్సిల్ అంటారు, 1960 చట్టం, మొత్తం 12 మంది. ఒక సెనేటర్‌ని సెనేట్ ఎన్నుకుంటుంది, దిగువ సభ నుంచి ఒకర్ని ఆ సభ ఎన్నుకుంటుంది, డైరెక్టర్ జనరల్ ఒకరు, మిగతా 9 మందిని గవర్నర్ జనరల్ వేస్తారు. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది, ఎందుకంటే లైబ్రరీ గురించి సభలో లేచి మాట్లాడటానికి కనీసం ఇద్దరు ఎప్పుడూ ఉంటారు. సింగపూర్‌లో 1995 నుంచి నేషనల్ లైబ్రరీ బోర్డు అనేదే సంస్థ పేరు, ఊళ్లో పబ్లిక్ లైబ్రరీలు కూడా దాని కిందే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇలాంటి పాలక బోర్డు లేదు, లైబ్రేరియన్‌ని ప్రెసిడెంట్ నామినేట్ చేస్తే సెనేట్ ఒప్పుకోవాలి, 2015లో చేసిన చట్టంతో పదవీకాలం 10 ఏళ్లు అయ్యింది.

## మెంబర్ల గురించి

మెంబర్లకి ఎన్నికలు జరుగుతాయా? నేను అప్లై చెయ్యొచ్చా?

మన దగ్గర ఎక్కువగా నామినేషనే. ప్రభుత్వం కొంతమందిని పేరుతో వేసుద్ది, కొంతమంది తమ పదవి వల్ల మెంబర్లు అవుతారు, అంటే ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్లే మెంబరు, బదిలీ అయితే మెంబర్‌షిప్ కూడా పోయినట్టే. అప్లికేషన్ ఫారం లాంటిది మామూలుగా ఉండదు. మీకు తెలిసిన మంచి లైబ్రేరియన్ పేరో పరిశోధకుడి పేరో శాఖకి రాతపూర్వకంగా సూచించడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, రాయండి.

బోర్డులో ఎలాంటివాళ్లు ఉంటే బాగుంటుంది? పేరున్న రచయితలు చాలరా?

రచయితలు ఉండాలి, కాదనను. కానీ ఒక పెద్ద లైబ్రరీకి రోజూ ఎదురయ్యేవి వేరే సమస్యలు. కాగితం పసుపుపడి పొడైపోతోంది, స్టాకు లెక్క తేలట్లేదు, కేటలాగులో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక స్పెల్లింగుతో ఎక్కాయి, స్కాన్ చేసిన ఫైళ్లు ఎక్కడ దాచాలో తెలీదు. వీటి గురించి అడిగే బుద్ధి ఉండాలంటే పనిచేసిన లైబ్రేరియన్ ఒకరు, పాత పత్రాల సంరక్షణ తెలిసినవాళ్లు ఒకరు, లెక్కలు చదవగలిగేవాళ్లు ఒకరు, కాపీరైట్ తెలిసిన లాయరు ఒకరు, రోజూ రీడింగ్ రూముకి వచ్చే పాఠకుడు ఒకరు తప్పకుండా ఉండాలి. చివరి వ్యక్తిని ఎవరూ వెయ్యరు, నా దృష్టిలో మొదట వెయ్యాల్సింది ఆయన్నే.

జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్ కూడా ఇలాంటి బోర్డు మనిషేనా?

పద్ధతి అలాంటిదే కానీ చట్టం వేరు, డబ్బు వచ్చే దారి వేరు. మనది 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. దాని కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు ఉంటాయి, చైర్మన్‌ని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది, సెక్రటరీగా ఉద్యోగి ఉంటారు. నేషనల్ లైబ్రరీకి డబ్బు కేంద్ర బడ్జెట్ నుంచి వెళ్తుంది. మన గ్రంథాలయ సంస్థకి మన ఇంటి పన్ను నుంచి వస్తుంది. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక లైను ఉంటుంది, రూపాయికి 8 పైసలు. పన్ను 3,000 అయితే దాని మీద 240 రూపాయలు పుస్తకాల కోసం మీరు కట్టారన్నమాట. వసూలు చేసేది మున్సిపాలిటీయో పంచాయతీయో, వాళ్లు దాన్ని గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. ఆ జమ ఆలస్యమైతే లైబ్రరీలో పేపరు కూడా ఆగిపోద్ది. అందుకే జిల్లా సంస్థ మెంబర్ అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ ఏడాది సెస్ ఎంత రావాలి, ఎంత వచ్చింది అని.

రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అంటే నేషనల్ లైబ్రరీ బోర్డేనా?

కాదు. అది కూడా కోల్‌కతాలోనే ఉంది, అదీ సాంస్కృతిక శాఖదే, అందుకే కలిపేస్తుంటారు. 1972లో పెట్టారు, దేశంలో పబ్లిక్ లైబ్రరీలకి పుస్తకాలు, ర్యాకులు, బిల్డింగులకి సాయం చెయ్యడం దాని పని. విధానాలు నిర్ణయించేది 22 మంది మెంబర్లు, వాళ్లని భారత ప్రభుత్వం నామినేట్ చేస్తుంది, కేంద్ర సాంస్కృతిక మంత్రి గానీ ఆయన చెప్పినవాళ్లు గానీ చైర్మన్. కొన్ని స్కీముల్లో రాష్ట్రం తన వాటా వేస్తేనే వాళ్లు తమ వాటా వేస్తారు, మ్యాచింగ్ గ్రాంట్ అంటారు.

మెంబర్‌కి జీతం ఉంటుందా?

మామూలుగా జీతం ఉండదు. ప్రయాణ ఖర్చులు, మీటింగ్‌కి కొంత భత్యం ఉంటాయి, ఎంతన్నది ఆ సంస్థ రూల్స్‌ని బట్టి.

## మీటింగులు, మినిట్స్

బోర్డు మీటింగులో నిజంగా ఏం జరుగుద్ది?

నేను ఒక ఊరి లైబ్రరీ సలహా సంఘంలో మూడేళ్లు ఉన్నా, పెద్ద బోర్డులో అయినా నడక ఇదే. ముందు ఎజెండా కాగితం వస్తుంది. పోయిన మీటింగ్ మినిట్స్, అంటే అప్పుడు ఏం మాట్లాడి ఏం తేల్చారో రాసిన రికార్డు, చదివి ఖాయం చేస్తారు, ఆ నిర్ణయాలు ఎంతవరకు అయ్యాయో చెప్తారు, తర్వాత కొత్త అంశాలు, లెక్కలు, చివర్లో అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు. అన్నిటికంటే విలువైంది రెండోది, ఏం అయ్యింది ఏం అవ్వలేదు అన్నది. జనం దాన్నే తొందరగా దాటేస్తారు.

మా రిజిస్టరు ఎర్ర అట్టది, మూలలు అరిగిపోయి ఉండేది. నేను చేరిన రోజు పాత పేజీలు తిప్పితే వరసగా మూడు మీటింగుల్లో ఒకే వాక్యం, ఒకే చేతిరాత: పైకప్పు మరమ్మతుకు తీర్మానించడమైనది. కింద సంతకాలు కూడా వాళ్లవే. ఎవరూ తప్పు ఉద్దేశంతో చెయ్యలేదు, తీర్మానం రాస్తే పని అయిపోయినట్టే అనుకున్నారు. ఆ వానాకాలం పాత వారపత్రికల బైండు వాల్యూములున్న ర్యాకు మీద నీళ్లు కారాయి. మర్నాడు పొద్దున మేం నలుగురం వెళ్లి ఒక్కో వాల్యూం తెరిచి ఫ్యాను కింద నిలబెట్టాం, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి విడదీస్తే అచ్చు ఊడి అవతలి పేజీకి వచ్చేసింది. అప్పట్నుంచి ఏ తీర్మానం రాసినా పక్కన మూడు రాయించేవాణ్ణి: ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోపు, డబ్బు ఏ పద్దు నుంచి.

కోరం అంటే ఏంటి? లేకపోతే ఏమవుద్ది?

మీటింగు చెల్లాలంటే కనీసం ఇంతమంది ఉండాలని రూల్స్‌లో పెట్టే సంఖ్య అది. అంతమంది రాకపోతే వాయిదా వెయ్యాలి. రానివాళ్లతో తర్వాత ఇంటికెళ్లి సంతకాలు పెట్టించుకోవడం తప్పు, ఆ నిర్ణయాన్ని రేపు ఎవరైనా సవాలు చేస్తే నిలబడదు.

మెంబరే రచయిత లేదా పబ్లిషర్ అయితే ఆయన పుస్తకాలు కొనొచ్చా?

పుస్తకం మంచిదైతే కొనొచ్చు, కానీ ఆ అంశం చర్చకి వచ్చినప్పుడు ఆయన ముందే ఇది నా పుస్తకం అని చెప్పి బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. మెంబర్ బంధువు టెండరు వేసినా ఇదే పద్ధతి. మన ఊళ్లలో అందరికీ అందరూ తెలిసినవాళ్లే, అందుకే ఈ ఒక్క అలవాటు ఉంటే చాలా గొడవలు పుట్టకముందే ఆగిపోతాయి.

మామూలు మనిషి మినిట్స్ చూడొచ్చా?

అడగొచ్చు. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి) కింద ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలు ఏవో, వాటి మీటింగులకి జనం రావొచ్చా లేదా, మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా లేదా అన్నది తనంతట తానే ప్రకటించాలి. మనం అడిగేదాకా ఆగకూడదు. ప్రకటించకపోతే 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, కేంద్ర సంస్థ అయితే ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. దరఖాస్తులో ఎందుకు అడుగుతున్నారో రాయక్కర్లేదు. ఒక చిట్కా, అంతా ఇవ్వండి అని రాయకండి, ఫలానా సంవత్సరం మీటింగుల తేదీలు, హాజరైనవాళ్లు, ఆమోదించిన తీర్మానాల కాపీ అని విడివిడిగా అడగండి.

## పుస్తకం వేసేవాళ్లకి, చదివేవాళ్లకి

మొదటి పుస్తకం వేశాను, నేషనల్ లైబ్రరీకి పంపాలంట, నిజమేనా?

నిజమే, చట్టం. 1954 డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం పుస్తకం బయటికొచ్చిన 30 రోజుల్లోపు పబ్లిషర్ సొంత ఖర్చుతో నాలుగు చోట్లకి ఒక్కో కాపీ పంపాలి: కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. 1956లో పత్రికల్ని కూడా ఇందులో కలిపారు. కోల్‌కతాకి పంపే కాపీ అన్నిటికంటే మంచిది అయ్యుండాలి, మంచి కాగితం, కుట్టు లేదా బైండింగు, మ్యాపులు బొమ్మలు ఏవీ తగ్గకుండా. మార్పులేం లేకుండా వేసిన రెండో ముద్రణకి, మొదటిది పంపి ఉంటే, మళ్లీ పంపక్కర్లేదు. రచయితే సొంతంగా వేసుకుంటే పబ్లిషర్ కూడా ఆయనే, బాధ్యత ఆయనదే.

బెజవాడలో చాలామంది కాపీలు కట్ట కట్టి స్నేహితులకి పంచడం అయ్యాక మిగిలినవి పంపుదాంలే అనుకుంటారు. ప్రెస్ నుంచి ఆటోలో కట్టలు దిగిన రోజే నాలుగు కాపీలు పక్కన తీసి పెట్టండి, పేజీలు తిరగేసి చూసి ప్యాక్ చెయ్యండి, పోస్టు రసీదు పుస్తకం ఫైల్లో పెట్టుకోండి.

పంపకపోతే ఏం చేస్తారు?

చట్టంలో జరిమానా 50 రూపాయల దాకా, దానికి పుస్తకం ఖరీదు కలుపుతారు. భయపెట్టే మొత్తం కాదు, అందుకే చాలామంది పట్టించుకోరు. జరిమానా సంగతి వదిలేయండి. యాభై ఏళ్ల తర్వాత మీ మనవరాలు మీ పుస్తకం వెతికితే ఎక్కడో ఒకచోట దొరకాలి, ఆ చోటు ఇదే.

ఐఎస్‌బిఎన్ తీసుకున్నా కదా, అది చాలదా?

చాలదు. ఐఎస్‌బిఎన్ అనేది పుస్తకానికి నంబరు, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. నంబరు వచ్చినంత మాత్రాన పుస్తకం లైబ్రరీకి చేరినట్టు కాదు, కాపీ విడిగా పంపాలి.

వీటన్నిటికీ మన బెజవాడ, గుంటూరుకి సంబంధం ఏంటి?

చాలా ఉంది. బెజవాడ రామమోహన గ్రంథాలయం 1911 నాటిది. 1914 ఏప్రిల్ 10న ఇదే ఊళ్లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో గ్రంథాలయాలవాళ్లంతా కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వం చట్టం చెయ్యకముందే జనమే కమిటీలు వేసుకుని, చందాలు వసూలు చేసుకుని, జమాఖర్చు రాసుకుని నడిపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద లైబ్రరీ నడిపారు, ఒడ్డున ఊళ్లవాళ్లు పడవ కోసం ఎదురు చూసేవాళ్లు. వేటపాలెం సారస్వత నికేతనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఇలాంటి చోట పుట్టినవాళ్లం కోల్‌కతా లైబ్రరీకి బోర్డు ఏదని అడిగితే అందులో తప్పేం లేదు.

మా ఊరి లైబ్రరీ కమిటీలో నన్ను మెంబర్‌గా వేశారు, మొదటి మీటింగ్‌కి ఏం చూసుకుని వెళ్లాలి?

పోయిన మూడు మీటింగుల మినిట్స్, పోయినేడాది ఆడిట్ రిపోర్టు అడిగి తీసుకుని చదవండి. ఉద్యోగుల పోస్టులెన్ని, పనిచేసేవాళ్లెంతమంది అని ఒక చీటీ మీద రాసుకోండి. మీటింగ్‌కి ముందు ఒకరోజు పొద్దున తలుపు తీసే టైముకి వెళ్లి ఒక గంట రీడింగ్ రూములో ఊరికే కూర్చోండి, మీరు మెంబరని ఎవరికీ చెప్పకండి. పేపర్లు ఎన్ని వచ్చాయి, ఫ్యాను తిరుగుతోందా, ఆడపిల్లలు కూర్చునే చోటు ఉందా, బాత్రూముకి గొళ్లెం ఉందా, పరీక్షలకి చదివే కుర్రాళ్లు తమ పుస్తకాలే తెచ్చుకుంటున్నారా లేక ర్యాకులోవి తీస్తున్నారా చూడండి. బయటికొచ్చేటప్పుడు అటెండర్‌ని పలకరించి, వానకి ఎక్కడ కారుద్దండి అని అడగండి.